కొంగు అడ్డం లేని నవ్వు

పుంగనూరులో మా ఇంటి ముందుగదిలోని టీవీ మీద నా పాత పంచె ఒకటి నెలల తరబడి కప్పి ఉండేది. నా భార్య పోయిన నాడు బంధువులెవరో దానిని కప్పారు. కర్మలు ముగిసి, వచ్చినవారందరూ ఎవరి ఊళ్ళకు వారు వెళ్ళిపోయిన తరువాత కూడా నేను దానిని తొలగించలేదు. సంవత్సరీకం జరిగేదాకా ఇంట వినోదం కూడదన్న ఆచారం ఉన్న మాట నిజమే. అయితే నన్ను ఆపినది ఆచారం కాదు. తీయవలెనని తోచలేదు, అంతే.

ఆ నెలల్లో నాకు తోచని సంగతులు చాలా ఉండేవి. పన్ను పీకే ముందు వైద్యుడు చిగురుకు సూది వేస్తాడు. ఆ తరువాత కొంతసేపు బుగ్గ ఉన్నదని వేలికి తెలుస్తుంది గాని బుగ్గకు తెలియదు. నా స్థితి అట్లా ఉండేది. పరామర్శకు వచ్చినవారు కంటనీరు పెట్టుకొంటే, వారు తుడుచుకొనేదాకా మర్యాదగా వేచి ఉండేవాణ్ణి. ఒకనాడు నేను వండిన కూరలో ఉప్పే లేదన్న సంగతి, మిగిలినదానిని రుచి చూసిన పక్కింటావిడ చెబితే తెలిసింది. అప్పటికి నేను భోజనం చేసి చాలాసేపయింది.

ఆ పక్కింటావిడది చౌడేపల్లె. పెరట్లో రెండావులను కట్టుకొని మా వీధిలో సగం ఇళ్ళకు పాలు పోస్తుంది. నా భార్యను ‘అక్కా’ అనేది. నేను తెలుగు పండితుడుగా ఉద్యోగం చేసి విరమించినవాణ్ణి గనుక నన్ను ‘అయ్యోరా’ అంటుంది.

మాకు ఒక్కతే కూతురు. కుప్పంలో ఉద్యోగం, కాపురం. సాయంకాలం తప్పకుండా ఫోను చేస్తుంది. సంవత్సరీకం దగ్గర పడుతున్నదనగా ఒకనాడు, ఆ కార్యం తన ఇంటనే జరిపిద్దామన్నది. సరేనన్నాను. తరువాత పటం మాట ఎత్తింది. దశాహం నాడు పెట్టిన పటంలో అమ్మ ఎవరినో కోప్పడుతున్నట్లు ఉన్నదట. అది తనకు నచ్చలేదు.

“అమ్మ నవ్వే ఫోటో ఒకటి సూడు నాయనా. ఆ అట్టపెట్టెలో యాడైనా ఉంటాది” అన్నది.

ఉండదని నాకు తెలుసు. అయినా వెదికాను. నా భార్యకు పైవరుసలో ఎడమవైపున ఒక పన్ను మీద ఇంకొక పన్ను ఎక్కి ఉండేది. చిన్ననాటి నుంచి నవ్వు రాగానే అరచేయో కొంగో నోటికి అడ్డం పెట్టుకోవడం ఆమెకు అలవాటు. ఫోటో తీస్తున్నారంటే చాలు, పెదవులు బిగించేది. పెళ్ళినాటి పటంలోనూ అంతే, కూతురి బారసాలనాటి పటంలోనూ అంతే. ఆమె ఏమరుపాటున నవ్వుతుండగా తీసినవి రెండు మూడు దొరికాయి. వాటిలో ఒక చేయి ఉన్నది, చేతికి పైన రెండు కళ్ళు ఉన్నాయి.

ఈ మాట మా అమ్మాయికి చెప్పాను. “నీకు గుర్తుండాదా నాయనా, అమ్మ నవ్వితే ఎట్లుండేదో?” అని అడిగింది. ఉన్నదన్నాను. ఫోను పెట్టేసిన తరువాత కూర్చొని జ్ఞప్తికి తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. కళ్ళు వచ్చాయి. చేయి వచ్చింది. చేతి కింద ఏమి ఉన్నదో రాలేదు. ఒక జీవితకాలం ఒకే ఇంట ఉన్నాము. ఆ పన్నును ఆమె నిద్రలోనూ, తుదినాడూ చూశాను గాని నవ్వులో చూడలేదు.

మరునాడు పాలు తెచ్చిన పక్కింటావిడతో మాటవరసకు ఈ సంగతి అన్నాను. ఆమె చెంబు కింద పెట్టింది.

“అక్క నవ్వేది టీవీలో వస్తాది కదా అయ్యోరా” అన్నది.

అంతకు రెండేళ్ళ ముందు మదనపల్లెకు చెందిన ఒకతను, హైదరాబాదులో తీసే హాస్య కార్యక్రమాలకు ప్రేక్షకులు కావాలని ఆడవాళ్ళను కూడగట్టి బస్సులో తీసుకొనిపోయాడు. పక్కింటావిడ వెంట నా భార్య కూడా వెళ్ళింది. తిరిగివచ్చి నాతో చెప్పినది కొంచెమే. అక్కడి ఏసీ చలి ముందు హార్స్‌లీ కొండ చలి ఏపాటిదీ కాదన్నది. పులిహోర పొట్లాలు పంచారన్నది. కాళ్ళు పట్టుకుపోయాయన్నది. ఆ కార్యక్రమం ప్రసారమైన రాత్రి ఆడవాళ్ళిద్దరూ టీవీ ముందు కూర్చున్నారు. పక్కింటావిడ మోచేయి ఒకసారి కనిపించింది. నా భార్య కనిపించనే లేదు. ఆ ప్రస్తావన అంతటితో ముగిసిందనుకొన్నాను.

“ఆ పొద్దు రాలేదులే. తర్వాత వస్తాండాది. మేము పోయిన దాంట్లో కాదు, వేరే వేరే ప్రోగ్రాముల్లో. మొన్న ఆదివారం గూడా సూస్తిని. నోటికి చెయ్యి అడ్డం లేదు, పగలబడి నవ్వతాండాది.”

“ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేమమ్మా?”

“పంచె గప్పిన టీవీని సూసి ఏమని చెప్పేది అయ్యోరా?”

 వెళ్ళని కార్యక్రమాలలో ఆమె ఎట్లా కనిపిస్తున్నదో చెప్పుమన్నాను. ఆవిడ ఆ పద్ధతి అంతా వివరించింది. అసలు కార్యక్రమం మొదలు కాకముందే ప్రేక్షకులను విడిగా చిత్రీకరిస్తారట. చెవులకు మాటలు వినే యంత్రం తగిలించుకొన్న మనిషి ఒకడు ఎదురుగా నిలిచి, ఇప్పుడు నవ్వండి అంటాడు. హాస్యోక్తి ఏదీ ఉండదు. ఎందుకని అడగకూడదు. ఇప్పుడు గట్టిగా నవ్వండి, ఇప్పుడు ఆశ్చర్యపోండి, ఇప్పుడు జాలిపడండి అని వరుసగా చెప్పి, అన్నింటినీ తీసి నిలవ చేసుకొంటారు. తరువాత ఏ కార్యక్రమంలో ఎక్కడ నవ్వు చాలకపోతే అక్కడ అందులోనుంచి ఒక ముఖాన్ని తెచ్చి అతికిస్తారు.

నవ్వమన్నప్పుడు నా భార్య కొంగు అడ్డం పెట్టుకొన్నదట. ఆ మనిషి తీయమన్నాడు. పక్కింటావిడ కూడా, అక్కా, చెయ్యి తియ్యి అన్నదట. తీయలేదు. అప్పుడతడు, చప్పట్లు కొడుతూ నవ్వుమన్నాడు. చప్పట్లకు రెండు చేతులూ కావాలి గనుక నోటికి అడ్డం పెట్టడానికి చేయి మిగలలేదు.

“మొదుట్లో అందురమూ దొంగనవ్వే నవ్వితిమి అయ్యోరా. అంతమంది ఆడోళ్ళు ఏమీ లేకుండానే నోర్లు తెర్సుకోని అర్సేది సూసినాక అక్కకి నిజంగానే వచ్చేసింది. ఆపుకోలేకపాయ. నీళ్ళు తెచ్చిచ్చిరి.”

నేను చాలా ఏళ్ళు పిల్లలకు హాస్యరసం పాఠం చెప్పినవాణ్ణి. స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని పెద్దలు నవ్వును ఆరు విధాలుగా విభజించారు. మొదటిదానిలో పళ్ళు కనిపించవు, అది ఉత్తముల నవ్వు. చివరిదానిలో ఒళ్ళంతా కదిలిపోతుంది. ఏ నవ్వుకైనా ఒక కారణం ఉండి తీరవలెనని, అది వికృతమైన వేషమో, వికృతమైన మాటో, వికృతమైన చేష్టయో కావలెనని చెప్పేవాణ్ణి. ఎదుటివాని నవ్వును చూసి నవ్వు రావడం కూడా ఉన్నదని పాఠం చివర ఒక వాక్యం చెప్పేవాణ్ణి. గంట కొట్టే వేళకు అది వచ్చేది. పిల్లలు అప్పటికే పుస్తకాలు సర్దుకొంటూ ఉండేవారు.

టీవీ మీది పంచె తీసి, ఉతికి, ఆరవేశాను.

మా అమ్మాయి ముందు తన ఫోనులో వెదికింది. ఆ కార్యక్రమాల తునకలు అందులో కొల్లలుగా ఉన్నాయి. ప్రేక్షకులలో ఒక ముఖం మెరిసి మాయమయ్యేది క్షణమాత్రం. ఏ తునకలో ఏ క్షణమో ఎవరు చెప్పగలరు? కొన్నాళ్ళు చూసి అలసిపోయింది. చివరికి నాకు ఫోనుతో వీడియో తీయడం నేర్పింది. “టీవీ ముందర నిలబెట్టుకోని ఉండు నాయనా. అమ్మ వస్తే దాంట్లోనుంచి ఫోటో నేను తీసుకుంటా” అన్నది. సంవత్సరీకం లోపల ఆ ముఖాన్ని పట్టుకోవడం నా వంతు పని అయింది.

ఆ విధంగా, హాస్యమంటే పద్యనాటకాలలోని విదూషకుడు తప్ప ఎరుగని నేను, తెలుగు టీవీలలో నవ్వు ఎన్ని తీరులుగా అమ్ముడవుతున్నదో క్రమంగా తెలుసుకొన్నాను. జట్లు జట్లుగా వచ్చి చిన్న ప్రహసనాలాడి మార్కులు వేయించుకొనేవి ఉన్నాయి. వాటిలో తీర్పరులు ఎత్తైన కుర్చీలలో కూర్చొని, నవ్వు ఎక్కువైనట్లు చూపడానికి బల్ల చరుస్తారు, ఒక్కొక్కప్పుడు కుర్చీ దిగి నేల మీద కూలబడతారు. సినిమావారిని పిలిచి, ఆటలాడించి, మాట మీద మాట విసిరేవి ఉన్నాయి. ఒకే మనిషి మైకు పట్టుకొని తన భార్యను గూర్చి, తన మామను గూర్చి చెప్పుకొనేవి ఉన్నాయి. దారినపోయేవారిని బెదరగొట్టి, ఆ తరువాత దాచిపెట్టిన కెమెరాను చూపించేవి ఉన్నాయి. పండుగ వస్తే ఈ బృందాలన్నింటినీ పట్టుబట్టలు కట్టించి ఒకే వేదిక ఎక్కించేవి ఉన్నాయి. ఒకే ఇంట్లో అత్తా కోడలూ అల్లుడూ వారం వారం తగవులాడుకొనే హాస్య ధారావాహికలూ ఉన్నాయి.

నాకు అవసరమైన విభజన ఇది కాదు. ధారావాహికలలో నవ్వు శబ్దంగా మాత్రమే వినిపిస్తుంది, నవ్వేవారు కనిపించరు. అందుచేత వాటిని వదిలివేశాను. దారినపోయేవారిని బెదరగొట్టే వాటిలో ప్రేక్షకులే ఉండరు. ఒంటరిగా మైకు పట్టుకొనేవాని ఎదుట పడుచువాళ్ళు చీకట్లో కూర్చొని ఉంటారు, అక్కడ నా భార్యకు చోటు లేదు. మిగిలినవి జట్ల పోటీలూ, సినిమావారి ఆటలూ, పండుగ వేదికలూ. ఆనాడు తమ వెనుక ఉండినవని పక్కింటావిడ చెప్పిన పసుపుపచ్చని గోడ, నీలి దీపాలు ఏ కార్యక్రమంలో కనిపిస్తే ఆ కార్యక్రమం చూసేవాణ్ణి.

కొద్దిరోజులకు వాటి నడక అంతుపట్టింది. పద్యానికి గణాలున్నట్లే వీటికీ ఉన్నాయి. మాట పడుతుంది. డోలు మోగుతుంది. ఒక తీర్పరి నవ్వుతాడు. రెండవ తీర్పరిగా ఉన్న ఆవిడ మొదటివాని భుజం చరుస్తుంది. ఆ తరువాత ప్రేక్షకులు. మళ్ళీ వేదిక. ప్రేక్షకులు వచ్చే చోటు యతిస్థానం వంటిది, తప్పదు. రెండవ తీర్పరి చేయి లేవగానే నేను ఫోను మీట నొక్కేవాణ్ణి. మాట ఏమిటో విననవసరం ఉండేది కాదు. కొన్ని ప్రహసనాలు చాలా తెలివైనవే అయి ఉండవచ్చు. ఇప్పుడు ఒక్కటి కూడా జ్ఞాపకం లేదు. నాకు నవ్వు రాలేదు, అసహ్యమూ కలగలేదు. ఆ ముఖాలన్నింటినీ, రైలు దిగుతున్న జనంలో మనవారిని వెదికినట్లు వెదికేవాణ్ణి.

ఏటిసూతకం ఉన్న ఇంట్లో నుంచి పగలంతా నవ్వులు వినిపిస్తుంటే వీధిలో వారు ఊరకుండరు. అయ్యవారికి మతి చలించిందన్నారు కొందరు. ఇంకో పెళ్ళి ఆలోచనలో ఉన్నాడేమో అన్నారు మరికొందరు. పాలు పోసే చోటల్లా పక్కింటావిడ నా పక్షాన వాదించేదట. ఒకనాడు నా ఎదుటే ఒకామె కిటికీలోనుంచి తొంగిచూసి, అయ్యోరు బలే నవ్వుకొంటాండాడే అన్నది.

“యాడ నవ్వతాండాడమ్మా? అంతసేపు కామెడీ సూసి గూడా ఆ మొగం సూడు, పరీచ్చ పేపర్లు దిద్దతా ఉండేటట్టుండాది” అన్నది పక్కింటావిడ.

కిటికీ వద్దనున్న ఆమె వెళ్ళిపోయింది. నేను ఫోను సరిచేసుకొన్నాను.

చివరికి ఒక పండుగ వేదికలో వచ్చింది. ఆ ప్రహసనం చావు మీద. తాను పోతే భార్య ఏడుస్తుందో లేదో చూడదలచి, మొగుడు చచ్చినట్లు నటిస్తూ పాడె మీద పడుకొంటాడు. భార్య వచ్చి శవం చెవిలో, బీరువా తాళం ఎక్కడ పెట్టావని అడుగుతుంది. శవం కళ్ళు తెరవకుండానే తలగడ కిందకు వేలు చూపిస్తుంది. డోలు మోగింది. తీర్పరి కుర్చీ దిగి కూలబడ్డాడు. రెండవ తీర్పరి చేయి లేచింది, నేను మీట నొక్కాను. ఇద్దరు పడుచులు కనిపించారు. తరువాత నా భార్య.

ఆకుపచ్చ చీర. రెండు చేతులూ చప్పట్లలో ఉన్నాయి. నోరు పూర్తిగా తెరుచుకొని, తల ఒక పక్కకు వాలి, భుజాలు కదులుతూ, కంట నీరు. పన్ను మీది పన్ను దీపపు వెలుతురులో తెల్లగా కనిపించింది. అపహసితం, అనుకొన్నాను. కంటినీరూ, భుజకంపమూ ఆ నవ్వు లక్షణాలు. తరువాత వేదిక మీద పాడె మళ్ళీ వచ్చింది.

ఫోనులో వీడియో ఆపి కుప్పానికి పంపాను. మా అమ్మాయి వెంటనే ఫోను చేసి చాలాసేపు ఏడ్చింది. ఆమె ఏడ్చినంతసేపూ ఫోను చెవి దగ్గరే పెట్టుకొన్నాను. శబ్దం వినిపిస్తూ ఉన్నది.  టీవీలోని చుక్కల గీతలు ముఖం మీద పడ్డాయని, మదనపల్లెలో మనకు ఎప్పుడూ పటాలు కట్టే స్టూడియోవారికి ఇస్తే వాటిని తీసివేస్తారని చెప్పాను. ఆమె ఆ చిత్రాన్ని స్టూడియోకు పంపింది.

కార్యానికి రెండు రోజుల ముందు మదనపల్లె బస్సెక్కి పటం తెచ్చుకోవడానికి వెళ్ళాను. స్టూడియో యజమాని పాతపరిచయస్థుడు. చుట్టుపట్ల ఊళ్ళలో పోయినవారి పటాలు చాలావరకు అతడే కడతాడు. కాగితం విప్పి చూపించాడు. పనితనం గొప్పది. గీతలు లేవు. పసుపుపచ్చని గోడ పోయి మబ్బులు వచ్చాయి. చీర పట్టుచీర అయింది. మెడలో కాసులపేరు, నుదుట పెద్ద కుంకుమ బొట్టు. చేతులు లేవు. నోరు మూసి ఉన్నది. పెదవులు చక్కగా, ఇంటిలో ఉన్న పాతపటంలోవలెనే బిగించి ఉన్నాయి.

“నోరు మూశారే” అన్నాను.

“పోయినోళ్ళ పటంలో నోరు తెర్సుకోని ఉంటే యాడైనా బాగుంటాదా సార్? మా దగ్గిర అందురివీ మూసే ఇస్తాము” అన్నాడు. అది తన మర్యాద అన్నట్లు చెప్పాడు. కూలి పుచ్చుకోని శ్రమ ఎంతో అందులో ఉన్నదని నాకూ అర్థమయింది. పోయినవారిని సర్దడమే అతని వృత్తిధర్మం. చిరిగిన చొక్కా కుడతాడు, లేని పట్టుచీర కడతాడు, నెరసిన తల నల్లబరుస్తాడు. ఎవరూ ఇంతవరకు వద్దనలేదు.

“తెరిచి ఇవ్వండి.”

“చేతులు, సార్? చప్పట్లు కొడతా ఉంటే దండ ఎట్లా ఏస్తారు?”

“చేతులు ఉండనివ్వండి.”

“ఆ పన్ను గూడానా?”

“పన్ను కూడా.”

అతడు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఒక్కొక్కటిగా తాను చేసిన మేలంతా వెనక్కి తీసుకొన్నాడు. మబ్బులు పోయాయి. కాసులపేరు పోయింది. పెదవులు విడిపోయాయి, పన్ను వచ్చింది, చప్పట్ల చేతులు వచ్చాయి. బొట్టు మాత్రం ఉంచమన్నాను, అది ఆమెకు ఎప్పుడూ ఉండేదే. వేరొక చట్రంలో బిగించి చేతికిస్తూ, బంధువులేమైనా అంటే తన అంగడి పేరు చెప్పవద్దన్నాడు.

కుప్పంలో కార్యం జరిగింది. పక్కింటావిడ ఆవులను ఎవరికో అప్పగించి నాతో పాటు బస్సులో వచ్చింది. గుడుపల్లె నుంచి మా వైపు బంధువులు కొందరు వచ్చారు. పీట మీద పెట్టిన పటాన్ని చూసి, ఇదెవరని ఒక ముసలామె మెల్లగా అడిగింది. నా భార్యను ఎన్నో ఏళ్ళుగా ఎరిగిన మనిషి ఆమె. మా అమ్మాయి చెప్పింది. ముసలామె మళ్ళీ చూసి, కళ్ళను బట్టి ఒప్పుకొన్నది. చప్పట్లు కొట్టే పటానికి పిండప్రదానమా అని ఒకరు గొణిగారు. పురోహితుడు విస్తరి పరచమన్నాడు.

నేను తడిపంచెతో వచ్చేసరికి పటానికి దండ వేశారు. మల్లెలు, మరువం కలిపి కట్టిన లావుపాటి దండ. చట్రం పైకొసలకు తగిలించి వదిలితే, అది వదులుగా జారి, సరిగా ముఖం మధ్యకు వేలాడింది. నోరు కనిపించలేదు. దండ పైన రెండు కళ్ళు కనిపిస్తున్నాయి.

నేను అక్కడే నిలబడ్డాను. ఎవరికీ ఏ లోపమూ తోచలేదు. నా కూతురు దర్భలు సర్దుతున్నది. పురోహితుడు నన్ను కూర్చోమన్నాడు.

పక్కింటావిడ గుమ్మం దగ్గర నుంచి లేచి వచ్చింది. పూజ జరిగే చోటికి రావడానికి కొంచెం తటపటాయించి, వంగి, దండను రెండు చేతులతో ఎత్తి పటానికి ఒక పక్కగా జరిపింది.

“అక్కా, చెయ్యి తియ్యి” అన్నది.

ఎవరితోనో మామూలుగా మాట్లాడినట్లే అన్నది. పన్ను కనిపించింది, చేతులు కనిపించాయి. నేను పటానికి ఎదురుగా కూర్చున్నాను. పురోహితుడు గోత్రం అడిగాడు, చెప్పాను. పేరు అడిగాడు. ఆ పేరును బిగ్గరగా పలికి చాలా నెలలయిందని అప్పుడు తెలిసింది. తల ఎత్తి పటంలోని ఆ పన్నును చూశాను. పురోహితుడు మళ్ళీ అడిగాడు.